ఎవరూ లెక్కవేయని లోహం

ఇది మా చెల్లెలి మనవడు భార్గవ చెప్పగా విన్న కథ. విన్నది విన్నట్టే రాద్దామని కూర్చున్నాను గానీ, ఈమధ్య నాకు ఏది ముందో ఏది వెనకో తారుమారవుతోంది. ఎక్కడైనా వరుస తప్పితే సర్దుకుని చదువుకోండి.

గాజువాక ఆటోనగర్‌లోని ఒక ఇనుప షెడ్డులో చిన్నంనాయుడు అనే ఫోర్‌మన్ ఉండేవాడు. పనిలో అతనికి సాటి లేరు, అనుమానంలోనూ అతనికి సాటి లేరు.

టీ తెచ్చి చేతికిస్తే ముందు వాసన చూసేవాడు. ఎవరైనా ఒకే పూట రెండుసార్లు నమస్కారం పెడితే, వీడికి నాతో ఏం అవసరం పడిందో అనుకునేవాడు. దూరంగా ఇద్దరు నవ్వుకుంటుంటే పని ఆపి మరీ వెళ్ళి, "ఏమిటి సంగతి?" అని అడిగేవాడు. వాళ్ళు సంగతి చెబితే, అసలు సంగతి అది కాదనుకునేవాడు. అన్నం క్యారేజీకి తనకు తప్ప ఎవరికీ తెలియని ముడి వేసి తెచ్చుకునేవాడు. మధ్యాహ్నానికి ఆ ముడి విప్పడం అతనికీ వచ్చేది కాదు. బ్లేడుతో కోసుకుని తినేవాడు.

ఈ గుణం అతనికి పుట్టుకతో వచ్చింది కాదు. కుర్రతనంలో అతని కళ్ళముందే ఒక ఇనుప మెట్టు ఊడి మనిషి కింద పడ్డాడు. మెట్టు అతుకు పైకి నున్నగా, అందంగా ఉంది. కోసి చూస్తే లోపల రాడ్డు ముక్కలు కుక్కి, పైన పూత పూసినట్టు వెల్డింగ్ చేశారు. ఆ రోజు నుంచి చిన్నంనాయుడి కంటికి ప్రతి అతుకూ లోపల డొల్లగానే కనిపించేది. వెల్డింగ్ కాగానే గేజ్ పెట్టి అతుకు లావు తగ్గిందేమో చూసేవాడు. లావు సరిగ్గా డ్రాయింగులో ఉన్నంతే ఉంటే మెచ్చుకునేవాడు కాదు. తిట్టేవాడూ కాదు. గేజ్ జేబులో పెట్టుకుని, వెల్డర్ మొహంలోకి కాసేపు చూసి వెళ్ళిపోయేవాడు. తిట్టినా బాగుండునని వెల్డర్లు అనుకునేవారు.

ఒక ఏడు ఆ షెడ్డుకు పెద్ద పని వచ్చింది. సాగునీటి కాలువకు ఇనుప తలుపు చేయాలి. వెడల్పాటి ప్లేటు ఒకటి, బలానికి దాని వెనక అడ్డపట్టీలు. పట్టీలను ప్లేటుకు వెల్డింగ్ చేయాలి. అలా తయారైన తలుపు కాలువ గోడల్లోని గాడుల మధ్య పైకీ కిందికీ జారాలి. తలుపు ఏమాత్రం వంకరపోయినా గాడిలో పట్టేస్తుంది, లేదా సందుల్లోంచి నీళ్ళు పోతాయి.

షెడ్డు యజమాని సత్తిరాజు అందరినీ పిలిచి చెప్పాడు. "ఇలాంటి ప్లేటు మళ్ళీ తెప్పించే వ్యవధి లేదు. కాలువకు నీళ్ళు వదిలేలోగా తలుపు గాడిలో కూర్చోవాలి. కూర్చోకపోతే కాలువలో నీళ్ళు నిలవవు, ఎగువ వాళ్ళకే చాలవు, శివారు పొలాలకు చుక్క అందదు. నారు పోసుకుని కూర్చున్నవాళ్ళకు నేను మొహం చూపించలేను."

వెల్డింగ్ చేస్తే ప్లేటు ఎందుకు వంగుతుందని పిల్లలకు సందేహం రావచ్చు. అప్పడం ఎండలో పెడతాం కదా. ఒక పక్క ముందు ఆరి ముడుచుకుంటే రెండో పక్కను తనవైపు లాక్కుంటుంది, అప్పడం దొప్పలా లేస్తుంది. ఇనుమూ అంతే. రాడ్డు కరిగి అతుకులో పడుతుంది. పడిన లోహం చల్లారుతూ ముడుచుకుంటుంది. ముడుచుకుంటూ ప్లేటును లాగుతుంది. ఎంత ఎక్కువ లోహం పడితే అంత లాగుడు.

ఆ లాగుడు ముందే లెక్కకట్టడానికి సత్తిరాజు కౌముది అనే ఇంజనీరును పనిలో పెట్టుకున్నాడు. ఆమె షెడ్డు మూల గదిలో కంప్యూటర్ పెట్టుకుంది. చిన్నంనాయుడు మొదటిరోజే వెళ్ళి దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"మేడమ్‌గారూ, దీనికి వెనకాల ఫ్యాను ఎందుకండీ?"

"వేడెక్కకుండా అండి."

"కూర్చున్నచోట కూర్చునే ఉంది. వేడెందుకు ఎక్కుతుంది?"

"లెక్కలు చేస్తుంది కదండీ నాయుడుగారూ."

"సరైన లెక్కకు వేడెందుకండీ?" అన్నాడు చిన్నంనాయుడు.

కౌముది నవ్వి, తెర మీద ప్లేటు బొమ్మ చూపించింది. బొమ్మ నిండా జల్లెడలా గళ్ళున్నాయి.

"ప్లేటును ఇందులో చిన్న చిన్న గళ్ళుగా కోస్తానండి. నిప్పు దాటుతుంటే ఒక్కో గడి ఎంత వేడెక్కింది, ఎంత సాగింది, చల్లారాక ఎంత ముడుచుకుంది, పక్క గడిని ఎంత లాగింది అని లెక్క. రాడ్డు కరిగి పడే లోహానికి కూడా గళ్ళుంటాయి. అన్నీ కలిపితే ప్లేటు చివరకు ఎటు వంగుతుందో, ఎంత వంగుతుందో తెలుస్తుంది. అది తెలిస్తే ముందే అంత మేర ఎదురువైపు వంచి బిగిస్తాం. చల్లారేసరికి తిన్నగా వస్తుంది."

"ఇది అబద్ధం చెబితే?"

"ముందు చిన్న ముక్క మీద చేసి చూద్దామండి. ఇనుప ముక్క అబద్ధం చెప్పదు కదా."

"ముక్క చెప్పదు," అన్నాడు చిన్నంనాయుడు. "ముక్క చేసేవాడు చెప్పొచ్చు."

ముక్క చేసే పని పోలారావుది. షెడ్డులో అందరికన్నా పెద్ద వెల్డర్ అతనే. చిన్నంనాయుడూ అతనూ ఒకే ఏడు పనిలో చేరారు. పోలారావు చెయ్యి దీపం పట్టుకున్నట్టు నిలకడగా ఉండేది, నోరు మాత్రం నిలకడగా ఉండేది కాదు. కౌముది గదిలోకి తొంగి చూసి, "ఈ పెట్టె నా పొయ్యి మీద నీళ్ళు పోస్తుందా తల్లీ?" అని అడిగాడు.

"మీరు వెయ్యకపోతే ఇది దేన్ని లెక్కపెడుతుందండీ?" అంది ఆమె.

"అలాగైతే పరవాలేదు. బతకనిద్దాం."

ఏ పట్టీ ముందు, ఏది తరవాత, ఏ వైపు నుంచి మొదలు పెట్టాలి అన్నది కౌముది ఆ ముక్క మీదే సుద్దతో రాసి ఇచ్చింది. పోలారావు ముక్క పూర్తిచేశాడు. చల్లారాక దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకు దారం బిగించి లాగారు. దారానికీ ప్లేటుకూ మధ్య సుద్దముక్క పట్టేంత సందు వస్తుందని కంప్యూటర్ చెప్పింది. బొటనవేలు పట్టింది.

కౌముది దారం మళ్ళీ బిగించి చూసింది. చిన్నంనాయుడికి మాత్రం లోపల ఏదో స్థిమితపడినట్టయింది. తను అనుకున్నది నిజమైంది, ఇక ఎవరి మీద అనుమానపడాలన్నదే తేలాలి.

ముందు కౌముది దగ్గరకు వెళ్ళాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"అమ్మా, నాకూ నీ ఈడు కూతురుంది. తండ్రిలాంటివాణ్ణనుకుని చెప్పు. పోలారావు నువ్వు రాసిన వరుసలోనే వేశాడంటావా?"

కౌముది ఏదో చెప్పబోయింది. అతని మొహం చూసి ఆగింది. "చూడాలండి," అంది.

తరవాత పోలారావు దగ్గరకు వెళ్ళాడు. "పోలా, మనమూ మనమూ ఒకటి. ఆ అమ్మాయి లెక్క తప్పితే నీ మీదకే తోస్తుంది. జాగ్రత్త."

"తొయ్యనీండి నాయుడుగారూ. నేను తూలను లెండి."

"అతుకుల్లో ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పు."

"అతుకుల్లో ఇనుము ఉందండి," అన్నాడు పోలారావు. ఆ పూట మళ్ళీ హాస్యం ఆడలేదు.

ఒక మాట ఇద్దరి చెవుల్లో పడితే చాలు, మొలకెత్తడానికి నీళ్ళక్కర్లేదు. కౌముది పోలారావు పని చేస్తుంటే దూరం నుంచి చూసి పోయేది. పోలారావు ఆమె వస్తే వీపు తిప్పేవాడు. చిన్నంనాయుడు ఇద్దరినీ కనిపెట్టి ఉండేవాడు. తను గదిలోకి అడుగు పెట్టగానే ఆమె తెర మీద బొమ్మ మార్చడం చూశాడు. తను దగ్గరకు రాగానే పోలారావు అప్పుడే వేసిన అతుకు మీద తోలు తొడుగు పరచడం చూశాడు. ఆమె బొమ్మలో ఏదో ఉంది. ఇతని అతుకులో ఏదో ఉంది. ఇద్దరూ కలిసి దాస్తున్నారా, విడివిడిగా దాస్తున్నారా అన్నదొక్కటే అతనికి అంతుపట్టలేదు. ఇంట్లో భార్య అన్నం వడ్డించి, "ఏమిటి అలా ఉన్నారు?" అంటే, "ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు.

రెండో ముక్క చేసేటప్పుడు పోలారావుకు ఎదురుగా బల్ల వేసుకుని కూర్చున్నాడు. కంటికి నల్ల అద్దం పెట్టుకున్నాడు. రాడ్డు అయిపోయినప్పుడల్లా లేచి, వంగి, గేజ్ పెట్టి, పోలారావు మొహంలోకి చూసి మళ్ళీ కూర్చున్నాడు. పోలారావు మాస్కు దించుకుని పని చేసుకుపోయాడు. సుద్దతో రాసిన వరుస ఎక్కడా తప్పలేదు. అది చిన్నంనాయుడే కళ్ళారా చూశాడు.

చల్లారాక దారం లాగారు. ఈసారి బొటనవేలు దూరడమే కాదు, లోపల ఆడింది కూడా.

చిన్నంనాయుడు అందరూ టీ తాగే చోటికి వచ్చి నిలబడ్డాడు. సత్తిరాజు కూడా అక్కడే ఉన్నాడు.

"నేను ఎదురుగా కూర్చుంటే వంకర ఎక్కువైంది," అన్నాడు చిన్నంనాయుడు. "అంటే కావాలని చేస్తున్నాడు. కంప్యూటర్ వస్తే తన మాట చెల్లదని పోలారావు ముక్కను వంచుతున్నాడు. రేపు తలుపునూ వంచుతాడు. రాజుగారూ, ఇతను రేపటి నుంచి షెడ్డులో అడుగు పెట్టకూడదు. నేను వేరే వెల్డర్‌ను చూస్తాను."

పోలారావు టీ గ్లాసు కింద పెట్టాడు. "ఇన్నాళ్ళ తరవాత ఇదా నాయుడూ," అన్నాడు. అంతకు ముందెప్పుడూ అందరిలో అతన్ని అలా పిలవలేదు.

సత్తిరాజు ఏమీ అనకముందే కౌముది ముందుకు వచ్చింది.

"ఆగండి నాయుడుగారూ. అందులో కొంత తప్పు నాది."

అందరూ ఆమె వైపు తిరిగారు.

"రాడ్డు కరిగి పడే లోహానికి కూడా గళ్ళు పెట్టానని చెప్పాను కదా. వాటిని నిద్రపుచ్చి ఉంచాలి. నిప్పు తన దగ్గరకు వచ్చినప్పుడే ఒక్కొక్క గడీ మేలుకోవాలి. నేను అన్నిటినీ మొదటి నుంచీ మేలుకొలిపి ఉంచాను. అంటే ఇంకా పడని లోహం అప్పటికే అతుకును గట్టిగా పట్టుకుని ఉన్నట్టు లెక్క జరిగింది. అందుకే వంకర తక్కువ చూపించింది."

"ఎప్పుడు తెలిసింది మీకు?" అని అడిగాడు చిన్నంనాయుడు.

"మొదటి ముక్క చేసిన రోజే."

"అడిగాను కదా, మరి అప్పుడెందుకు చెప్పలేదు?"

"మీరు నా లెక్క గురించి అడగలేదండి. పోలారావుగారి గురించి అడిగారు."

కౌముది ఆగకుండా చెప్పుకుపోయింది.

"చెబితే ఇక కంప్యూటర్ మాట ఎప్పటికీ నమ్మరని భయపడ్డాను. ఎవరికీ తెలియకుండా సరిచేద్దామనుకున్నాను. సరిచేశాను కూడా. అయినా కొంత వంకర నా లెక్కకు అందడం లేదు. అది ఎక్కడి నుంచి వస్తోందో నాకు నిజంగా తెలియదు."

పోలారావు ఆమె వైపు చూశాడు. చిన్నపిల్ల, కొత్తగా వచ్చింది, యజమాని ముందు నిలబడి తన తప్పు తను చెప్పుకుంది. అతను గోడకు ఆనించిన ముక్కను తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఆ మిగిలింది నా దగ్గరుంది తల్లీ," అన్నాడు. "నీ లెక్కలో అతుకు లావు ఎంత పెట్టావు?"

"డ్రాయింగులో ఉన్నదే. ఆరు మిల్లీమీటర్లు."

"నేను వేసేది తొమ్మిది. రెండో ముక్కకు పది దాకా పోయి ఉంటుంది."

"ఎందుకు?" అన్నాడు సత్తిరాజు.

"ఆరుకు ఆరు వేస్తే నాయుడుగారు మొహంలోకి చూస్తారండి. తక్కువ లోహంతో సరిపెట్టానని, లోపల డొల్ల పెట్టానని ఆ చూపు. ఆ చూపు పడలేక కాస్త లావు వేస్తాను. ఎదురుగా కూర్చుంటే ఇంకాస్త. అతుకు లావుగా ఉందని ఆయన ఎన్నడూ అడగలేదు. సన్నంగా ఉందనే భయం."

"లావు వెయ్యమని నేను ఎప్పుడు చెప్పాను?" అన్నాడు చిన్నంనాయుడు.

"చెప్పలేదండి. చూశారు."

చిన్నంనాయుడు మిగతా వెల్డర్ల వైపు తిరిగాడు. వాళ్ళంతా టీ గ్లాసుల్లోకి చూసుకుంటున్నారు. ఒకణ్ణి పిలిచి, "నువ్వెంత వేస్తావురా?" అన్నాడు.

"ఎనిమిది దాకా వేస్తానండి."

"నువ్వు?" అని రెండోవాణ్ణి అడిగాడు.

"మీరున్నప్పుడాండీ, లేనప్పుడాండీ?"

ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. సత్తిరాజు నవ్వలేదు. "నాయుడూ, డ్రాయింగులో ఆరు అని ఉంది. దాన్ని కంటితో దిద్దింది నువ్వు," అన్నాడు.

"లావుంటే బలమే కదండీ," అన్నాడు చిన్నంనాయుడు. మాట అంత గట్టిగా రాలేదు.

"కావలసిన బలానికి ఆరు చాలండి," అంది కౌముది. "ఆ పైన పడేది బలం కాదు, లాగుడు."

"లోపల డొల్ల ఉంటే?"

"లావు చూస్తే డొల్ల తెలియదు నాయుడుగారూ. కోసి చూస్తే తెలుస్తుంది."

పోలారావు తనే ముక్కను తీసుకెళ్ళి రంపం కింద పెట్టాడు. నాలుగు చోట్ల కోశారు. కోసిన ప్రతి చోటా లోహం నిండుగా, మెరుస్తూ ఉంది. చిన్నంనాయుడు ఒక్కో ముక్కనూ వేలితో తడిమాడు. డొల్ల ఎక్కడా లేదు. ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించి, అలా అనిపించినందుకు తల దించుకున్నాడు.

ఆ సాయంత్రం కౌముది నిద్రపోవాల్సిన గళ్ళను నిద్రపుచ్చి, అతుకు లావు తొమ్మిది అని పెట్టి మళ్ళీ లెక్కవేసింది. మొదటి ముక్క వంకర వచ్చింది. పది అని పెట్టింది. రెండో ముక్క వంకర వచ్చింది. అచ్చం అంతే కాదు గానీ, అన్నదమ్ముల పోలికంత దగ్గరగా వచ్చింది. తరవాత ఆరు అని పెట్టి, పెద్ద తలుపును ముందుగా ఎంత ఎదురు వంచి బిగించాలో, ఏ పట్టీ తరవాత ఏ పట్టీ వెయ్యాలో తేల్చింది. "ఇక దీనికి కావలసింది ఒకటే," అంది. "అతుకు నిజంగా ఆరే ఉండాలి. ఎక్కడ లావైతే అక్కడ లాగేస్తుంది."

అందరూ పోలారావు వైపు చూశారు. అతను తల గోక్కున్నాడు.

"వేస్తానండి. కానీ ఒక షరతు. నాయుడుగారు షెడ్డులో ఉండకూడదు. ఆయన ఎదురుగా ఉంటే నా చెయ్యి నా మాట వినదు. కోపంతో అంటున్నది కాదండి. అలవాటైపోయింది."

షెడ్డులో అంత పెద్ద పని జరుగుతుంటే ఫోర్‌మన్ బయట ఉండటమా? చిన్నంనాయుడికి మొహం కందగడ్డ అయింది. కాదందామనుకున్నాడు. బొటనవేలు ఆడిన సందు గుర్తొచ్చింది. ప్లేటు ఒక్కటే ఉంది, శివారు వాళ్ళు నారు పోసుకుని కూర్చున్నారు. "అలాగే కానీ," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ప్లేటును ఎదురు వంచి క్లాంపులతో బిగించి, పట్టీలు కదలకుండా అక్కడక్కడ చిన్న అతుకులతో టాకాలు వేశారు. అంతవరకూ చిన్నంనాయుడు దగ్గరుండి చేయించాడు. ఆ తరవాత బయటకు వచ్చి, షెడ్డు ఎదుట గౌరమ్మ టీ బండి దగ్గర కూర్చున్నాడు.

గౌరమ్మ టీ ఇచ్చింది. అతను గటగటా తాగేశాడు.

"ఏటి నాయుడుగారూ, ఈయేళ వాసన సూడనేదు? ఒంట్లో బాగోనేదా?" అంది.

"బాగానే ఉంది."

"మరి అటే సూస్తన్నారేటి? సూడకపోతే ఇనుము పారిపోద్దా?"

అతను చెవి షెడ్డు వైపే పెట్టాడు. లోపల నుంచి వెల్డింగ్ చిటపటలు వినిపిస్తున్నాయి. చప్పుడు ఆగితే, ఎందుకు ఆగిందో అనుకున్నాడు. చప్పుడు ఎక్కువసేపు సాగితే, ఇంతసేపెందుకు, లావేస్తున్నాడేమో అనుకున్నాడు. త్వరగా అయిపోతే, సన్నంగా లాగించేస్తున్నాడనుకున్నాడు. షరతు పెట్టినప్పుడు పోలారావు మొహంలో చిన్న నవ్వు కనిపించినట్టు గుర్తొచ్చింది. నిజంగా నవ్వాడా? పంతం తీర్చుకోవడానికి ఇంతకన్నా మంచి అదను దొరుకుతుందా? ఆ అమ్మాయి కూడా అతని పక్షమే చేరింది. ఇద్దరూ ఇద్దరే. మెట్టు ఊడిన రోజు కూడా అందరూ ఆ వెల్డర్‌ను ఎంతో మంచివాడన్నారు.

మధ్యాహ్నం దాకా ఓర్చుకున్నాడు. భోజనం అయ్యాక ఇక ఓర్చుకోలేకపోయాడు. "ఇప్పుడే వస్తాను," అని గౌరమ్మతో చెప్పి, రోడ్డు వైపు నడిచినట్టు నడిచి, షెడ్డు వెనక్కి తిరిగాడు. వెనక రేకు గోడలో బోల్టు ఊడిపోయిన కన్నం ఒకటుంది. దానికి కన్ను ఆనించాడు.

పోలారావు చివరి నుంచి రెండో పట్టీ దగ్గర కూర్చుని ఉన్నాడు. సగం అతుకు వేశాడు. అప్పుడే రాడ్డు మార్చుకోవడానికి మాస్కు పైకి లేపాడు. అతని తల రేకు గోడ వైపు తిరిగింది. కాసేపు అలాగే ఉంది. తరవాత మాస్కు దించుకుని పని మొదలుపెట్టాడు.

చిన్నంనాయుడు చటుక్కున వెనక్కి తగ్గాడు. చూశాడా? చూసి ఉండడు. అంత చిన్న కన్నం. టీ బండి దగ్గరకు వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

తలుపు తెల్లవార్లూ చల్లారింది. పొద్దున క్లాంపులు విప్పారు. పెద్ద చప్పుడు వచ్చింది, ప్లేటు ఒళ్ళు విరుచుకున్నట్టు. దారం లాగారు. ఈ చివర నుంచి అందరూ వంగి చూసుకుంటూ వెళ్ళారు. దారం ప్లేటును తాకుతూనే ఉంది. మధ్యలో తాకింది. అవతల తాకింది. చివరి నుంచి రెండో పట్టీ దగ్గరకు వచ్చేసరికి దారం కింద సుద్దముక్క దూరింది.

"ఇలాగైతే గాడిలో జారుతుందా?" అని అడిగాడు సత్తిరాజు.

"జారదండి. ఇక్కడ పట్టేస్తుంది," అంది కౌముది. ఆమె మొహం పాలిపోయింది. "అన్నిచోట్లా సరిపోయింది, ఈ ఒక్కచోటే ఎందుకు పోయిందో. ఈ పట్టీ దగ్గర గళ్ళు నేనే సరిగా కొయ్యలేదేమో."

"లేదు తల్లీ, నా చెయ్యి..." అని పోలారావు ఏదో అనబోయి ఆగాడు.

చిన్నంనాయుడు వంగి గేజ్ పెట్టాడు. పట్టీ మొదటి సగం ఆరు. రెండో సగం తొమ్మిది. సరిగ్గా ఎక్కడ మారిందో కంటికే తెలుస్తోంది. అతని నాలుక చివరకు పాత మాటలే వచ్చాయి. ఎవరు చేశారు, ఎందుకు చేశారు, ఎవరు చెప్పి చేయించారు. చుట్టూ చూశాడు. అమ్మాయి తప్పు తన నెత్తిన వేసుకుంటోంది. పోలారావు నేల చూపులు చూస్తున్నాడు గానీ, నోరు విప్పి చెప్పడం లేదు. చెబితే చిన్నంనాయుడి పరువు పోతుందని చెప్పడం లేదు.

"ఇద్దరిదీ కాదు," అన్నాడు చిన్నంనాయుడు. "అక్కడ నేను తొంగి చూశాను."

అతను వెనక రేకు గోడ వైపు చెయ్యి చూపించాడు.

"వెనక కన్నంలోంచి. ఉండబట్టలేక. అతను ఈ పట్టీ సగంలో ఉన్నప్పుడు. అడగకుండా నేనే చెబుతున్నాను, రాసుకోండి."

పోలారావు మెల్లగా తల ఎత్తాడు. "తెలుసు లెండి," అన్నాడు. "ఆ కన్నంలోంచి రోజూ ఎండ పడుతుంది. నిన్న ఉన్నట్టుండి మబ్బు పట్టింది."

ఈసారి నవ్వింది మొదట చిన్నంనాయుడే. కానీ నవ్వి ఊరుకుంటే తలుపు తిన్నగా అవుతుందా? కాలువకు నీళ్ళు వదిలే రోజు దగ్గర పడింది. వంకరపోయిన చోట మంట పెట్టి కాల్చి, తడి గోనె వేసి చల్లార్చి, ఆ ముడుచుకునే లాగుడుతోనే వెనక్కి లాగాలి. కాస్త ఎక్కువైతే అవతలి వైపు వంగుతుంది, ఇక దాన్ని ఎవరూ బాగుచెయ్యలేరు. ఎక్కడ ఎంత కాల్చాలో కౌముది లెక్కవేసి చుక్కలు పెట్టింది. పోలారావు మంట పట్టాడు. ఎవరూ పిలవకుండానే చిన్నంనాయుడు గోనె ముంచుకుని వచ్చి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నేను ఉండొచ్చా?" అని అడిగాడు.

"ఉండండి. నా మొహం చూడకండి, ఇనుము చూడండి," అన్నాడు పోలారావు.

"మేడమ్‌గారూ, ఈ చుక్క చాలా, ఇంకోటి కావాలా?"

"నాకూ సందేహంగానే ఉందండి. ఇది చల్లారనిచ్చి చూద్దాం."

సందేహంగా ఉందని అతనితో ఆ షెడ్డులో ఒకరు పైకి చెప్పడం అదే మొదలు. ఒక చుక్క కాల్చడం, గోనె వేయడం, దారం లాగి చూడడం, అందరూ తలో మాటా అనుకోవడం, మళ్ళీ ఇంకో చుక్క. చిన్నంనాయుడి చేతులు ఆవిరికి ఎర్రగా కమిలాయి. పొద్దు వాలేసరికి సుద్దముక్క దూరడం మానేసింది.

తలుపును లారీ మీద కాలువకు తీసుకెళ్ళి గొలుసులతో దించారు. గాడి నోట్లో ఒక్క క్షణం తటపటాయించింది. తరవాత తన బరువుకు తనే మెల్లగా జారి అడుగున కూర్చుంది. నీళ్ళు వదిలినప్పుడు తలుపు దగ్గర ఎగువన నీరు నిలిచింది, శివారు కాలువలోకి మళ్ళింది. అక్కడి ఆడవాళ్ళు కొందరు కొత్త నీళ్ళలో పసుపూ కుంకుమా వేశారు. తలుపు వెనక పట్టీ మీద కాల్చిన చుక్కలు నల్లగా ఉన్నాయి. ఒక పెద్దాయన వాటిని చూపించి, "ఇవేటి బాబూ, మచ్చలు?" అని అడిగాడు.

"అవి నావి," అన్నాడు చిన్నంనాయుడు.

ఆ తరవాత కూడా అతను అతుకులకు గేజ్ పెట్టేవాడు. కోసి చూడవలసినవి కోసి చూసేవాడు. పరీక్ష మానకూడదు, అది అతని పని. కానీ గేజ్ పెట్టాక మనిషి మొహంలోకి చూడటం మానేశాడు. అప్పటి నుంచి విచిత్రంగా వెల్డర్లే వచ్చి, "నాయుడుగారూ, ఇక్కడ నా చెయ్యి జారింది, ఒకసారి చూడండి," అని చెప్పేవారు. ఇన్నేళ్ళు వెతికినా దొరకని తప్పులు వాటంతట అవే నడిచి వచ్చేవి.

భార్గవా, పేర్లు సరిగా రాశానో లేదో నువ్వొకసారి చూడు నాయనా. ఫోర్‌మన్ పేరు చిన్నంనాయుడే అన్నావా, మరొకటి అన్నావా, ఆ అమ్మాయి కౌముదేనా, నాకు రూఢిగా లేదు. నీతి మాత్రం మరచిపోలేదు: పనిని పరీక్షించేవాడికి నిజం దొరుకుతుంది, మనిషిని అనుమానించేవాడికి అబద్ధమే దొరుకుతుంది; ఎందుకంటే అనుమానం తప్పులను పట్టదు, దాచిపెట్టడం నేర్పుతుంది.